డిసేబిలిటీ పెన్షన్ 'నేను ఇప్పిస్తా' అంటున్నారా? సంతకం పెట్టే ముందు మాజీ సైనికులు చూసుకోవాల్సినవి ఇవే

బనగానపల్లె: 'అన్నా, మీరు ఇక్కడ సంతకం పెట్టండి చాలు. మిగతాదంతా నేను చూసుకుంటా. మీకు వచ్చిన దాంట్లో ముప్పై శాతం ఇస్తే సరిపోతుంది. రాకపోతే రూపాయి వద్దు.'

వినడానికి ఎంత బాగుందో కదా? చేతి నుంచి పైసా పెట్టక్కర్లేదు. తిరగక్కర్లేదు. ఢిల్లీలో తెలిసినవాళ్లు ఉన్నారంట, ప్రయాగ్‌రాజ్‌లో మనిషి ఉన్నాడంట. కానీ ఈ మాటల్లోనే అసలు సమస్య ఉంది. ఆ మాట చెప్పింది లాయరే అయితే, అలా పర్సంటేజీ మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. లాయర్ కాకపోతే, రేపు ట్రిబ్యునల్‌లో మీ తరఫున నిలబడే హక్కే అతనికి లేదు.

ఆర్మీ, నేవీ, ఎయిర్ ఫోర్స్‌లో పనిచేసి ఒంట్లో ఏదో ఒక దెబ్బతోనో, జబ్బుతోనో ఇంటికొచ్చినవాళ్లు దేశమంతా ఉన్నారు. డిసేబిలిటీ పెన్షన్ అప్లికేషన్ ఒకసారి రిజెక్ట్ అయితే ఎక్కడికి పోవాలో తెలియక ఆగిపోయేవాళ్లూ ఉన్నారు. పశ్చిమ గోదావరి జిల్లాలోని మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లో అయితే పక్కింట్లో అడిగినా ఏదో ఒక దారి తెలుస్తుంది. బనగానపల్లె, కొలిమిగుండ్ల, అవుకు, కోవెలకుంట్ల వైపు అలా కాదు. ఊరికి ఒకరో ఇద్దరో ఉంటారు. జిల్లా కేంద్రం నంద్యాల అయింది 2022 ఏప్రిల్‌లో. పాత ఆఫీసుల పనులకు ఇప్పటికీ కర్నూలు బస్సే ఎక్కాల్సి వస్తోంది. కేసు దాకా వెళితే చెన్నై. ఈ దూరమే మధ్యవర్తులకు వ్యాపారం.

మరి మంచి మనిషిని ఎలా పట్టుకోవాలి? దానికంటే ముందు, అసలు మనిషి అవసరమా కాదా అన్నది తెలియాలి.

అసలు గొడవ ఎక్కడ మొదలవుతుంది?

ఒక ఉదాహరణ చూద్దాం. ఒకాయన ఆర్టిలరీలో 17 ఏళ్లు చేసి హవల్దార్‌గా దిగారనుకోండి. చేరేటప్పుడు డాక్టర్లు పరీక్ష చేసి ఫిట్ అన్నారు. దిగేటప్పుడు రిలీజ్ మెడికల్ బోర్డు కూర్చుని బీపీ ఉందని, 30 శాతం వైకల్యం అని రాసింది. పక్క కాలమ్‌లో మాత్రం ఇది సర్వీసు వల్ల వచ్చింది కాదు, సర్వీసు వల్ల ముదిరింది కూడా కాదు అని ఒక ముక్క రాసి వదిలేసింది. ఆ ఒక్క ముక్కతో పెన్షన్ ఆగిపోయింది.

ఎందుకంటే రూల్ ప్రకారం రెండూ ఉండాలి. వైకల్యం 20 శాతం లేదా అంతకు మించి ఉండాలి. అది సర్వీసు వల్ల వచ్చిందో, సర్వీసు వల్ల ఎక్కువైందో అయి ఉండాలి.

డబ్బు లెక్క కూడా చూడండి. వంద శాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం డిసేబిలిటీ ఎలిమెంట్‌గా ఇస్తారు. చివరి జీతం 40 వేలు అనుకుంటే వంద శాతానికి 12 వేలు. 30 శాతం వైకల్యానికి 3,600. కానీ ఇక్కడ 'బ్రాడ్ బ్యాండింగ్' అని ఒక సౌకర్యం ఉంది. 50 లోపు ఉన్నది 50గా, 50 నుంచి 75 మధ్య ఉన్నది 75గా, ఆపైన ఉన్నది 100గా లెక్కేస్తారు. అంటే ఆ 3,600 కాస్తా 6,000 అవుతుంది. దాని మీద డియర్‌నెస్ రిలీఫ్ అదనం. మొదట్లో సర్వీసు మధ్యలో జబ్బు కారణంగా పంపించేసినవాళ్లకే ఈ సౌకర్యం అన్నారు. సర్వీసు పూర్తి చేసి రిటైరైనవాళ్లకూ ఇవ్వాల్సిందేనని 2014 డిసెంబర్ 10న రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది.

ఇప్పుడు ఆ ముప్పై శాతం కమీషన్ మాట గుర్తు చేసుకోండి. మూడేళ్ల బకాయిలు వస్తే 6,000 చొప్పున 36 నెలలకు 2 లక్షల 16 వేలు. అందులో ముప్పై శాతం అంటే 64,800. అందులో సగం పని మీరే పది రూపాయల పోస్టల్ ఆర్డర్‌తో చేసుకోగలిగినది!

ముందు కాగితం.. తర్వాతే మనిషి

మంచి ప్రతినిధిని గుర్తు పట్టడానికి అన్నిటికంటే సులువైన పద్ధతి ఒకటుంది. మీరు విషయం చెప్పగానే అతను మొదట ఏం అడిగాడో చూడండి. 'మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్ కాపీ ఉందా సార్?' అని అడిగితే కూర్చుని మాట్లాడొచ్చు. 'అడ్వాన్స్ ఎంత తెచ్చారు?' అని అడిగితే లేచి వచ్చేయొచ్చు.

మొత్తం కేసు ఆ మెడికల్ బోర్డు కాగితం మీదే నడుస్తుంది. దాన్ని ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16 ఫారం అంటారు. ఏ జబ్బు, ఎప్పుడు మొదలైంది, ఏ పోస్టింగ్‌లో ఉండగా మొదలైంది, ఎంత శాతం, సర్వీసుకు సంబంధం ఉందా లేదా, లేదంటే కారణం ఏంటి.. ఇవన్నీ అందులో ఉంటాయి. కారణం కాలమ్‌లో ఏమీ లేకుండా ఉత్త 'సంబంధం లేదు' అని మాత్రమే ఉంటే అదే మీ కేసుకు బలం.

ఆ కాపీ మీ దగ్గర లేకపోతే? మీ రికార్డ్స్ ఆఫీసుకు సమాచార హక్కు చట్టం కింద అప్లికేషన్ పెట్టాలి. ఫీజు పది రూపాయలు. ఆన్‌లైన్‌లో కేంద్ర ప్రభుత్వ ఆర్‌టీఐ పోర్టల్‌లో కూడా పెట్టొచ్చు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే అదే చట్టం కింద అప్పీలు ఉంది. మీ ఆర్మీ నంబర్, ర్యాంక్, పేరు, దిగిన తేదీ రాసి, మాజీ సైనికుడి గుర్తింపు కార్డు జిరాక్స్ పెడితే చాలు. దీనికి లాయర్ అక్కర్లేదు. ఇంగ్లిష్‌లో రాయలేకపోతే ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలెవరైనా రాసిపెడతారు.

రికార్డ్స్ ఆఫీసు ఎక్కడో కూడా కొందరికి గుర్తుండదు, దిగి ఏళ్లయిపోయి ఉంటుంది కాబట్టి. మద్రాస్ రెజిమెంట్‌ది నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో. ఆర్టిలరీది నాసిక్ రోడ్ క్యాంప్‌లో. మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌ది బెంగళూరులో. ఈఎంఈ, ఆర్డినెన్స్ కోర్‌లవి మనకు దగ్గరే, సికింద్రాబాద్‌లో. సిగ్నల్స్‌ది జబల్‌పూర్‌లో. డీఎస్సీలో రెండోసారి చేసినవాళ్లకు కన్నూర్. డిశ్చార్జ్ బుక్కు మొదటి పేజీల్లోనే ఇది ఉంటుంది.

ఒక జాగ్రత్త. పెన్షన్ లేకుండా ఇంటికొచ్చినవాళ్ల సర్వీసు రికార్డులను 25 ఏళ్ల తర్వాత తీసేస్తారు. 1990ల చివర్లోనో, 2000ల మొదట్లోనో అర్ధాంతరంగా పంపించేసినవాళ్లు ఇంకో ఏడాది చూద్దాంలే అనుకుంటే ఆ కాగితమే దొరక్కుండా పోవచ్చు. లాయర్ దొరికేదాకా ఆగకుండా ఆర్‌టీఐ ముందే వేసేయడం మంచిది.

ఫ్రీగా చేసిపెట్టేవాళ్లు ఎవరు?

కర్నూలులో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది. ఇలాంటి కార్యాలయాల పనే మాజీ సైనికులకు, వాళ్ల భార్యలకు, పిల్లలకు కాగితాలు రాసిపెట్టడం, రికార్డ్స్ ఆఫీసుతో ఉత్తర ప్రత్యుత్తరాలు జరపడం. డబ్బులు తీసుకోరు. పెన్షన్ ఎందుకు రిజెక్ట్ అయిందో చదివి చెప్పడానికి, ఫస్ట్ అప్పీల్ రాయించుకోవడానికి మొదట తట్టాల్సిన తలుపు ఇదే.

ఫస్ట్ అప్పీల్ అంటే? రిజెక్షన్ లెటర్ వచ్చిన ఆరు నెలల్లోపు అప్పీల్ కమిటీకి పెట్టుకునేది. అక్కడా కాదంటే రెండో కమిటీ ఉంది. దానికీ ఆరు నెలలే. ఈ రెండు మెట్లకూ లాయర్ తప్పనిసరి కాదు. ఎక్కడికి పంపాలో రిజెక్షన్ లెటర్‌లోనే రాసి ఉంటుంది. గడువు దాటిపోతే ఆలస్యానికి కారణం కలిపి రాయాలి.

కేసు అంతా అప్పీల్‌లో ఏం రాశారన్న దాని మీద ఉంటుంది. 'నేను పేదవాడిని, దయచేసి పెన్షన్ ఇవ్వండి' అని రాస్తే ఉపయోగం లేదు. ఇది దయ కాదు. 'నేను చేరినప్పుడు మెడికల్‌గా ఫిట్. ఈ జబ్బు ఫలానా సంవత్సరంలో, ఫలానా చోట పోస్టింగ్‌లో ఉండగా మొదలైంది. బోర్డు కారణం రాయలేదు' అని తేదీలతో రాయాలి. ఎత్తైన ప్రాంతాల్లో, సరిహద్దుల్లో చేసిన పోస్టింగులన్నీ వరుసగా పెట్టాలి. రాసిపెట్టే మనిషి మీ పోస్టింగుల గురించి అరగంట కూర్చోబెట్టి అడగకపోతే, అతను ఎవరికో రాసిన అప్పీల్‌లో పేరు మార్చి మీకిస్తున్నాడని అర్థం.

అలాగే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం ప్రకారం మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వైకల్యం ఉన్నవాళ్లకు, ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకు ఉచితంగా లాయర్‌ను ఇవ్వాలి. అంటే చనిపోయిన సైనికుడి భార్యకు ఆదాయంతో సంబంధం లేకుండా ఈ హక్కు ఉంది. చాలా ఇళ్లల్లో ఆమెకు ఈ సంగతే ఎవరూ చెప్పరు. హెల్ప్‌లైన్ నంబర్ 15100.

2025 జూలై 26న, కార్గిల్ విజయ్ దివస్ రోజున, జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 'వీర్ పరివార్ సహాయతా యోజన' పేరుతో సైనిక కుటుంబాల కోసం ప్రత్యేకంగా ఒక పథకాన్ని శ్రీనగర్‌లో ప్రారంభించింది. సైనిక సంక్షేమ కార్యాలయాల్లోనే లీగల్ క్లినిక్‌లు పెట్టడం ఇందులో భాగం. కర్నూలు వెళ్లినప్పుడు 'మీ దగ్గర లీగల్ క్లినిక్ ఏ రోజు ఉంటుంది?' అని అడిగి తెలుసుకోవాలి.

అయితే ఒక మాట నిజం చెప్పుకోవాలి. ఫ్రీగా వచ్చిన లాయర్‌కు భూమి తగాదాలు, చెక్ బౌన్స్ కేసులు బాగా తెలిసి, సైన్యం పెన్షన్ రూల్స్ అస్సలు తెలియకపోవచ్చు. అది ఆయన తప్పు కాదు. ఈ కేసులు నంద్యాల కోర్టులోనో, బనగానపల్లె కోర్టులోనో నడవవు. కాబట్టి అప్లికేషన్‌లోనే 'సాయుధ దళాల ట్రిబ్యునల్‌లో కేసు వేయడానికి' అని స్పష్టంగా రాయాలి.

ట్రిబ్యునల్ దాకా వెళ్తే ఎవరు కావాలి?

సైనికుల సర్వీసు, పెన్షన్ గొడవల కోసమే 2007లో చట్టం చేసి ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ పెట్టారు. 2009 ఆగస్టు నుంచి పనిచేస్తోంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ చెన్నై బెంచ్ కిందికి వస్తాయి. ఆ బెంచ్ హైదరాబాద్‌లో సర్క్యూట్ సిట్టింగ్‌లు కూడా పెడుతుంది. చెన్నైలో వేస్తారా, హైదరాబాద్ సిట్టింగ్‌లో పెట్టిస్తారా అన్నది లాయర్‌ను మొదటి రోజే అడగాలి. అరవై దాటిన మనిషికి ఈ ప్రయాణం తేడా చిన్నది కాదు.

ట్రిబ్యునల్ చట్టం ప్రకారం మీ కేసు మీరే వాదించుకోవచ్చు, లేదా లాయర్‌ను పెట్టుకోవచ్చు. మూడో దారి లేదు. ఏజెంట్, కన్సల్టెంట్, 'పెన్షన్ ఎక్స్‌పర్ట్' ఎవరూ అక్కడ నిలబడలేరు. చివరి ఆర్డర్ వచ్చిన ఆరు నెలల్లో కేసు వేయాలి. ఆలస్యమైతే కారణం చూపి మాఫీ అడగాలి.

'ఇరవై ఏళ్లయిపోయింది, ఇంకేం వస్తుందిలే' అని ఊరుకునేవాళ్ల కోసం ఒక కేసు చెప్పాలి. తర్సెమ్ సింగ్ అనే సైనికుడిని 1983లో వైద్య కారణాలతో పంపించేశారు. ఆయన కోర్టుకెళ్లింది 1999లో. పెన్షన్ అనేది నెల నెలా జరిగే నష్టం కాబట్టి ఆలస్యమైనా హక్కు పోదని, బకాయిలు మాత్రం కేసు వేయడానికి ముందు మూడేళ్లకే పరిమితమని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఆలస్యం చేసిన ప్రతి నెలా ఒక నెల బకాయి చేతులారా పోగొట్టుకున్నట్టే. ఏజెంట్ దగ్గర ఏడాది ఫైల్ ఆగితే పోయేది కూడా మీదే, అతనిది కాదు.

లాయర్‌కు పెట్టాల్సిన పరీక్ష

'ధరమ్‌వీర్ సింగ్ కేసు మాకు వర్తిస్తుందా సార్?' ఈ ఒక్క ప్రశ్న అడగండి.

ఈ రంగంలో పనిచేసే లాయర్‌కు ఆ పేరు తెలియకపోవడం అనేది ఉండదు. 2013 జూలై 2న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అది. చేరేటప్పుడు జబ్బు ఉన్నట్టు రికార్డులో రాయకపోతే, మనిషి ఆరోగ్యంగానే చేరాడని అనుకోవాలి. తర్వాత వచ్చిన జబ్బు సర్వీసు వల్లే అని అనుకోవాలి. కాదని నిరూపించాల్సింది సైన్యమే, సైనికుడు కాదు. మెడికల్ బోర్డు కారణాలు రాయాలి. స్థూలంగా ఇదీ తీర్పు. ధరమ్‌వీర్ సింగ్‌కు మూర్ఛ జబ్బు ఉందని పంపించేశారు. చివరకు గెలిచారు.

అయితే జవాబులో అసలు పాయింట్ ఇక్కడుంది. 'వర్తిస్తుంది, గ్యారంటీగా గెలుస్తాం' అని టకామని చెప్పిన లాయర్ కంటే, 'కాగితం చూశాక చెప్తా' అన్న లాయరే మేలు. ఎందుకంటే అదే సుప్రీంకోర్టు 2019 అక్టోబర్‌లో నర్సింగ్ యాదవ్ కేసులో మానసిక జబ్బు విషయంలో పెన్షన్ నిరాకరించింది. సెలవులో ఇంటికొచ్చి స్కూటర్ ప్రమాదంలో దెబ్బతిన్న జుఝార్ సింగ్‌కు 2011లో రాలేదు. డ్యూటీకి, ఆ ప్రమాదానికి సంబంధం లేదన్నారు. 2019 డిసెంబర్‌లో వింగ్ కమాండర్ ఎస్.పి.రాథోడ్ కేసులో, సర్వీసు పూర్తి చేసి దిగిన మనిషికి వైకల్యం 20 శాతం కంటే తక్కువ ఉంటే డిసేబిలిటీ ఎలిమెంట్ రాదని తేల్చింది.

కానీ, 20 శాతం కంటే తక్కువని రాసి సర్వీసు మధ్యలోనే పంపించేస్తే? అప్పుడు లెక్క వేరు. పనికిరాడని పంపించేశారంటేనే వైకల్యం 20 శాతం పైన ఉన్నట్టు అనుకోవాలని 2014లో సుఖ్వీందర్ సింగ్ కేసులో అదే కోర్టు చెప్పింది. చూశారుగా? ఒకే 15 శాతం. ఒకరికి వస్తుంది, ఒకరికి రాదు. తేడా ఎలా దిగారన్న దాంట్లో ఉంది. కాబట్టి లాయర్ మొదటి ఐదు నిమిషాల్లో 'మీరు టైమ్ అయిపోయి దిగారా, మధ్యలో పంపించారా, మీరే అడిగి వచ్చేశారా?' అని అడగాలి. అడగకపోతే, ఆయనకు ఈ సబ్జెక్ట్ తెలియదు.

దిగిన తేదీ కూడా అడగాలి. 2023 సెప్టెంబర్ 21 నుంచి కొత్త అర్హత నిబంధనలు వచ్చాయి. 'డిసేబిలిటీ ఎలిమెంట్' అన్న పేరు కూడా 'ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్'గా మారింది. ఆ తేదీకి ముందు దిగినవాళ్ల కేసు, తర్వాత దిగినవాళ్ల కేసు ఒకే కాపీతో నడవవు. అగ్నివీర్‌లకైతే ఇది అసలు వర్తించదు. వాళ్లకు నెల పెన్షన్ లేదు. సర్వీసు వల్ల వైకల్యం వస్తే 100 శాతానికి 44 లక్షలు, 75కి 25 లక్షలు, 50కి 15 లక్షలు ఒకేసారి ఇచ్చే ఎక్స్‌గ్రేషియా ఉంది. ఇంట్లో పెద్దాయనది, పిల్లోడిది రెండు కేసులూ ఒకే ఫైలులా చూస్తానన్నవాళ్లను నమ్మొద్దు.

ఇక అనుభవం. 'ట్రిబ్యునల్‌లో మీరు వేసిన కేసుల నంబర్లు రెండు మూడు ఇవ్వండి' అని అడగడంలో తప్పు లేదు. ట్రిబ్యునల్ ఆర్డర్లు ఆన్‌లైన్‌లో ఉంటాయి. లాయర్ పేరు ఆర్డర్ మీదే ఉంటుంది. గెలిచిన కేసే కానక్కర్లేదు. ఓడిన కేసులో ఏం వాదించారో చూసినా మనిషి తెలిసిపోతాడు. మాజీ సైనికాధికారి లాయర్ అయితే మంచిదే, సైన్యం కాగితాలు చదవడం తెలిసి ఉంటుంది. కానీ 'మాజీ కల్నల్' అన్న బోర్డు ఒక్కటే సరిపోదు. ఆయనకు లాయర్‌గా ఎన్‌రోల్‌మెంట్ ఉందా లేదా చూడాలి.

ఫీజు దగ్గర మొహమాటం వద్దు

బంగినపల్లి మామిడి తోట గుత్తకిచ్చేటప్పుడు మనవాళ్లు ఎంత పక్కాగా ఉంటారు? అడ్వాన్స్ ఎంత, కాపు దింపేది ఎప్పుడు, గాలివానకు రాలితే ఎవరి లెక్క.. అన్నీ మాట్లాడి, నలుగురి ముందు కాగితం రాసుకుంటారు. అదే మనిషి పెన్షన్ కేసు దగ్గరికొచ్చేసరికి 'సారు పెద్దమనిషి, అడిగితే ఏమనుకుంటాడో' అని తెల్లకాగితం మీద సంతకం పెట్టి వస్తాడు.

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల ప్రకారం కేసు ఫలితాన్ని బట్టి ఫీజు పెట్టుకోవడం, వచ్చిన డబ్బులో వాటా తీసుకోవడం లాయర్లకు నిషేధం. ఫీజు ముందే ఇంత అని చెప్పాలి. విడతలుగా ఇస్తామని మాట్లాడుకోవచ్చు. కేసు వేసినప్పుడు ఇంత, వాదనలప్పుడు ఇంత అని. ప్రయాణ ఖర్చులు, టైపింగ్, కాపీల ఖర్చు అందులోనే ఉందా, వేరా అన్నది రాయించుకోవాలి. రసీదు తీసుకోవాలి. లాయర్ తప్పు చేశారని మీరు అనుకుంటే అడ్వకేట్స్ చట్టం కింద స్టేట్ బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. రసీదు లేకపోతే ఆ ఫిర్యాదుకు కాళ్లు ఉండవు.

ఇంకో చట్టం ఉంది. పాతది, 1871 నాటిది. పెన్షన్ల చట్టం. ఇంకా చేతికి రాని పెన్షన్‌ను ఇంకొకరికి రాసిచ్చే ఒప్పందం ఏదైనా చెల్లదని అందులోని 12వ సెక్షన్ చెబుతోంది. అంటే 'నాకు వచ్చే పెన్షన్‌లో నెలకు ఇంత ఫలానా వారికి ఇస్తాను' అని బాండ్ పేపర్ మీద రాయించుకున్నా అది చెల్లని కాగితమే. ఇప్పటికే ఇలా రాసిచ్చి భయపడుతున్నవాళ్లు ఉంటే, ఆ బాండ్ పట్టుకుని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లొచ్చు.

బయటి దేశాల్లో ఎలా ఉందో కూడా చూద్దాం. అమెరికాలో మాజీ సైనికుల క్లెయిమ్ తయారు చేసి పెట్టాలంటే అక్కడి వెటరన్స్ శాఖ గుర్తింపు ఉండాలి. సైనిక సంఘాల ప్రతినిధులు ఉచితంగా చేస్తారు. మొదటిసారి పెట్టే క్లెయిమ్‌కు లాయర్ కూడా ఫీజు తీసుకోకూడదు. అయినా గుర్తింపు లేకుండా వేల డాలర్లు గుంజే కంపెనీలు అక్కడా ఉన్నాయి. వాటిని 'క్లెయిమ్ షార్క్స్' అని, అంటే సొరచేపలని పిలుస్తారు. మన దగ్గర అలాంటి గుర్తింపు పద్ధతి లేదు. కాబట్టి చూసుకోవాల్సింది మనమే.

ఇవి మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు

డిశ్చార్జ్ బుక్కు ఒరిజినల్. పీపీఓ ఒరిజినల్. స్పర్శ్ పోర్టల్ పాస్‌వర్డ్. ఫోన్‌కు వచ్చే ఓటీపీ. సంతకం పెట్టిన ఖాళీ చెక్కు. ఇవి అడిగినవాళ్లు లాయరైనా, బంధువైనా, రెజిమెంట్ దోస్తైనా సరే, ఇవ్వకూడదు. కేసుకు జిరాక్స్ చాలు. ఒరిజినల్ చూపించాల్సి వస్తే మీరే తీసుకెళ్లి చూపించి వెంట తెచ్చుకోవాలి.

వకాలత్‌నామా మీద సంతకం మామూలే. దాని మీద లాయర్ పేరు, మీ పేరు, ట్రిబ్యునల్ పేరు రాసి ఉన్నాకే పెట్టాలి. కేసు వేశాక ఓ.ఏ. నంబర్ అడిగి ఫోన్‌లో రాసుకోవాలి. ఆ నంబర్ ఉంటే వాయిదా ఎప్పుడో మీరే చూసుకోవచ్చు. 'నడుస్తోందన్నా, నడుస్తోంది' అనే జవాబుతో రెండేళ్లు గడిపే అవసరం ఉండదు. నంబర్ చెప్పడానికి నసిగితే కేసు ఇంకా వేయలేదని అనుకోవాలి.

గెలిచాక కూడా పని ఉంటుంది. ఆర్డర్ వచ్చినంత మాత్రాన మర్నాడు ఖాతాలో డబ్బు పడదు. రికార్డ్స్ ఆఫీసు, ప్రయాగ్‌రాజ్‌లోని పెన్షన్ ఆఫీసు దాటి స్పర్శ్‌లో కొత్త పీపీఓ రావాలి. ప్రభుత్వం హైకోర్టుకో, సుప్రీంకోర్టుకో వెళ్లొచ్చు. ఆర్డర్ అమలు చేయకపోతే అమలు పిటిషన్ వేయాలి. ఈ పని కూడా మాట్లాడుకున్న ఫీజులోనే ఉందా, దానికి మళ్లీ వేరేనా? ఇది ముందే తేల్చుకోవాలి. లాయర్‌తో గొడవలు ఎక్కువగా ఇక్కడే వస్తాయి. ఓడిపోయినా అంతే. సాయుధ దళాల ట్రిబ్యునల్ తీర్పు మీద హైకోర్టుకు వెళ్లే దారి మూసుకుపోలేదని 2023 మార్చిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది కాబట్టి, 'ఇక అయిపోయింది' అని ఫైల్ చేతిలో పెట్టే ముందు మీ లాయర్ ఆ విషయం మీకు చెప్పాలి.

భర్త చనిపోయిన ఇంట్లో పని ఇంకాస్త కష్టం. ఆమెకు జబ్బు పేరు తెలియదు, రెజిమెంట్ పేరు సరిగ్గా తెలియదు. అలాంటి చోట పాత ఉత్తరాలు, ఆసుపత్రి చీటీలు, పాస్‌బుక్, యూనిఫాంలో దిగిన ఫొటో వెనక రాసిన ఊరి పేరు కూడా పనికొస్తాయి. ఏదీ పారేయకుండా ఒక సంచిలో వేసి సైనిక సంక్షేమ కార్యాలయంలో చూపిస్తే ఆర్మీ నంబర్ నుంచి మొదలుపెట్టి మిగతావి బయటికి తీయొచ్చు.

కర్నూలు బస్సు ఎక్కే ముందు సంచిలో ఉండాల్సినవి: డిశ్చార్జ్ బుక్కు, పీపీఓ, రిజెక్షన్ లెటర్, మెడికల్ బోర్డు కాపీ ఉంటే అది, ఆధార్, మాజీ సైనికుడి గుర్తింపు కార్డు. అన్నీ రెండేసి సెట్లు జిరాక్స్. రిజెక్షన్ లెటర్ వచ్చిన కవర్ కూడా తీసుకెళ్లండి. ఆరు నెలల గడువు ఎప్పటి నుంచి లెక్కేయాలన్న వాదన వస్తే, దాని మీద ఉండే పోస్టాఫీసు ముద్ర తేదీ పనికొస్తుంది.